నాలుగంగుళాల నేల

మా జగిత్యాలలో గడ్డకట్టిన నీళ్లు చూడాలంటే ఐసు ఫ్యాక్టరీకి వెళ్లాలి. రేకు డబ్బాలోంచి జారి, ఊకలో పొర్లి, గోనెసంచీ కప్పుకుని, ట్రాలీ ఆటో ఎక్కి పెళ్లివారింటికి పోయే ఆ దిమ్మ ఒక్కటే మనకు తెలిసిన మంచుగడ్డ. దాన్ని కొడవలి మడమతో పగలగొట్టి కుండలో వేసుకుంటాం గాని, దాని మీద నిలబడాలని మనకెవరికీ తోచదు.

మన భాష కూడా ఈ విషయంలో కాస్త పొదుపు పాటించింది. తెల్లవారుజామున గడ్డిపోచ మీద మెరిసేదీ మంచే. హిమాలయాల మీద దూదిలా రాలేదీ మంచే. చెరువు మీద బండలా బిగుసుకునేదీ మంచే. మాట ఒక్కటే కావడంతో చూపు కూడా ఒక్కటే అయింది. చలిదేశాల వాళ్లకు మాత్రం ఈ మూడూ మూడు వేరు వేరు వస్తువులు. అందులో మూడోదాని మీద వాళ్లు నడుస్తారు, పిల్లల్ని ఆడిస్తారు, లారీలు తోలుతారు. ఒక్కోసారి అందులో మునిగి పోతారు కూడా. ఆ మూడో మంచును గురించే ఇవాళ మీతో నాలుగు మాటలు చెప్పాలని వుంది.

'మంచు సంగతి చెప్పడానికి నువ్వెవరమ్మా?' అని అడుగుతారేమో! నిజమే. నేను పుట్టింది సిరిసిల్లలో, మగ్గం చప్పుళ్ల మధ్య. మెట్టింది కోరుట్లలో. మావారు సైన్సు మేష్టరుగా పనిచేసి, రిటైరై, ఇల్లు కట్టుకున్నది జగిత్యాలలో. ఈ మూడు వూళ్లలో ఎక్కడా చెరువు గడ్డకట్టిన దాఖలా లేదు. పుష్యమాసంలో చలి కొరికితే వాకిట్లో నెగడు వేసుకుంటాం, అంతే. అయినా మా మూడు వూళ్లకూ ఈనాడు మంచుతో వియ్యం కుదిరింది. కుదిర్చింది మా పిల్లలే.

మా కోరుట్లలో ఏ వాడకట్టులో చూసినా గల్ఫుకు పోయినవాళ్ల ఇళ్లు కనిపిస్తాయి. మా మరిది కూడా చాలా ఏళ్లు దుబాయిలో వుండి వచ్చాడు. ఆ రోజుల్లో ఫోను వస్తే మా అత్తగారు అడిగేది ఎండ గురించే. 'పనికాడ నీడున్నదా బిడ్డా? నీళ్లిస్తున్నరా?' అని. ఎండ ఆమెకు తెలుసు. ఎండలో మనిషి ఎలా సొమ్మసిల్లుతాడో తెలుసు. అందుకే ఆ ప్రశ్న ఆమె నోట సరిగ్గా వచ్చేది. తర్వాతి తరం చదువుకుని, వీసాలు తెచ్చుకుని, మినసోటాకూ మిషిగన్‌కూ కెనడాకూ పోయింది. ఇప్పుడు ఫోను మోగితే ఏం అడగాలో మా తరం తల్లులకు తెలియడం లేదు. 'చలిగా వున్నదా?' అంటాం. 'వున్నదమ్మా' అంటారు. అక్కడితో సరి.

2022 డిసెంబరు 26న అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో వుడ్స్ కాన్యన్ అనే సరస్సు మీద నడుస్తూ ముగ్గురు తెలుగువాళ్లు మంచు విరిగి నీళ్లలో పడిపోయారు. ఇద్దరు మగవాళ్లు, ఒక ఇల్లాలు. ముగ్గురూ పోయారు. క్రిస్మసు సెలవుల్లో సరదాగా వెళ్లినవాళ్లు. ఆ వార్త చదివినవాళ్లంతా ముందు అడిగిన మాట ఒకటే: 'అరిజోనా అంటే ఎడారి కదా, అక్కడ మంచేమిటి?' అని. ఎడారే. కాని ఆ సరస్సు వున్నది కింద ఎడారిలో కాదు, సుమారు 7,500 అడుగుల ఎత్తున, కొండల మీద. కింద ఊళ్లో చొక్కాతో తిరిగే మనిషి కొన్ని గంటలు కారులో పైకి పోతే గడ్డకట్టిన సరస్సు ఎదురవుతుంది. చూడ్డానికి బండరాయిలా వుంటుంది. ఆ బండ కింద ఏముందో చెప్పే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఎవరున్నారు? బావిలో దిగేవాడికి, చెరువులో ఈదేవాడికి మన తాతలు వెయ్యి జాగ్రత్తలు చెప్పారు. మంచు మీద నడిచేవాడికి చెప్పడానికి వాళ్లకు మంచే తెలియదు. అందుకని పోయినవాళ్లను ఒక్క మాట అనడానికి కూడా నాకు నోరు రాదు. ఆ స్థలంలో మన పిల్లలే వుండవచ్చు.

మరుసటి ఏడాది నవంబరులో మా అమ్మాయి రెండో కాన్పుకని మినసోటా వెళ్లాం. మా అల్లుడిది కూడా కోరుట్ల వైపే. ఇంటి వెనకే ఒక చెరువు. వాళ్లు దాన్ని 'లేక్' అంటారు గాని, మా వైపు వూరచెరువంత వుంటుంది. డిసెంబరులో పసిపాప పుట్టింది. చంటిదాన్ని పడుకోబెట్టడానికి నేను నా నేత చీరతో మేడమెట్ల కమ్మీకి ఉయ్యాల కట్టాను. ఏడేళ్ల మనవడు ఆ ఉయ్యాల చుట్టూ తిరుగుతూ, 'అమ్మమ్మా, చీర తెగదా?' అని రోజూ అడిగేవాడు.

సంక్రాంతికి వారం ముందు, జనవరిలో ఒక శనివారం, నాలుగు తెలుగు కుటుంబాలు మా అమ్మాయి ఇంట్లో చేరాయి. నేను సకినాలు చుట్టాను. పులిహోర కలిపారు. తినడం చెరువు మీద అని నిర్ణయం. చాపలు, పిల్లల జారుడు బల్లలు, ఫ్లాస్కులో చాయ్, అన్నీ సిద్ధం. కిటికీలోంచి చూస్తే చెరువు తెల్లగా, బల్లపరుపుగా వుంది. దాని మీద అప్పటికే ఎవరివో అడుగుల జాడలు వున్నాయి.

"అందరు పోతున్నరమ్మా, నువ్వు కూడ రా," అంది మా అమ్మాయి.

నేను అడిగింది ఒక్కటే ప్రశ్న. "ఎన్ని అంగుళాలున్నదట?"

ఎవరికీ తెలియదు. ఒకరు నవ్వారు. ఒకరు 'గీ చలికి గట్టిగనే వుంటది ఆంటీ' అన్నారు. ఇంకొకాయన 'మొన్న ఎవలో నడిచిండ్రు' అని జాడలు చూపించాడు. మా అల్లుడు మాత్రం ఏమీ అనలేదు. స్నేహితుల ముందు అత్తగారు అడ్డం పడితే ఏ అల్లుడికి మాత్రం సంతోషంగా వుంటుంది?

ఆ ప్రశ్న నాకు ఎక్కడినుంచి వచ్చిందంటే, అరిజోనా వార్త చదివిన నాటినుంచి మావారు, నేను ఈ సంగతి మీదే వున్నాం. ఆయనకు లెక్కలు కావాలి. నాకు పిల్లలు కావాలి. ఇద్దరం కలిసి తెలుసుకున్నది మీకు చెబుతాను.

మంచుగడ్డ నీటికన్నా తేలిక. ఘనమీటరు నీళ్లు 1,000 కిలోలైతే ఘనమీటరు మంచుగడ్డ సుమారు 917 కిలోలు. అందుకే తేలుతుంది. అయితే ఎంత బరువును తేలుస్తుంది? మీటరు పొడుగు, మీటరు వెడల్పు, 4 అంగుళాల మందం వున్న పలకను విడిగా కోసి నీళ్లలో వేశారనుకోండి. అది మునిగిపోకుండా మోయగలిగింది ఎనిమిది కిలోలే. మా చంటిదాన్నీ దాని ఉయ్యాలనూ తప్ప మరొకరిని మోయలేదు. మరి అదే 4 అంగుళాల మంచు చెరువంతా పరుచుకుని వుంటే దాని మీద 70 కిలోల మనిషి దర్జాగా ఎలా నడుస్తున్నాడు?

ఈ చిక్కుముడి విప్పింది మా మనవడి ప్రశ్నే. చీరలో పోగు ఒక్కటి తీసి లాగండి, చిటుక్కున తెగుతుంది. మా నాయన పొద్దంతా తెగిన పోగులు అతుకుతూనే వుండేవాడు. కాని ఆ పోగులే పడుగూ పేకా అయి అల్లుకుంటే పసిపిల్లను ఉయ్యాలలో మోస్తాయి. పిల్ల వున్న చోట మాత్రమే కాదు, కమ్మీ దాకా వున్న ప్రతి పోగూ తన వంతు లాగుతుంది. చెరువు మీద మంచు పలక చేసే పని కూడా ఇదే. మనిషి నిలబడిన చోట పలక కంటికి కనపడనంతగా వంగుతుంది. చుట్టూ కొన్ని గజాల మేర వెడల్పాటి పళ్లెంలాగా దిగుతుంది. ఆ పళ్లెం పక్కకు నెట్టిన నీళ్లు దాన్ని పైకి తోస్తాయి. అంటే బరువు మోసేది నీళ్లే. మంచు చేసేదల్లా ఆ బరువును పదిమందికి పంచడం. వంగినప్పుడు పలక అడుగుభాగం సాగుతుంది. సాగలేనంత సాగితే అడుగున బీట పడుతుంది. పైన నిలబడ్డ మనిషికి ఆ బీట కనిపించదు.

పంచే శక్తి మందాన్ని బట్టి పెరుగుతుంది. మందం రెట్టింపైతే బలం రెట్టింపు కాదు, సుమారు నాలుగు రెట్లు. మందం సగమైతే బలం పావుకు పడిపోతుంది. ఈ రెండో సగం గుర్తుంచుకోవలసినది. మినసోటా రాష్ట్రపు ప్రకృతి వనరుల శాఖ వారు మనిషి నడవడానికి కనీసం 4 అంగుళాలు వుండాలంటారు. చిన్న కారుకు 9, 10 అంగుళాలు. అదీ కొత్తగా కట్టిన, అద్దంలాంటి మంచు అయితేనే. కెనడా రెడ్‌క్రాస్ వారు ఇంకా జాగ్రత్తపరులు. నడకకే 15 సెంటీమీటర్లు, అంటే 6 అంగుళాలు వుండాలంటారు. ఇన్ని లెక్కలు చెప్పి, చివర ఇద్దరూ ఒకే మాట అంటారు: ఏ మంచూ నూటికి నూరుపాళ్లు నమ్మదగింది కాదు అని.

అద్దంలాంటి మంచు అంటే ఏమిటో మన ఐసుదిమ్మే చెబుతుంది. దిమ్మ అంచుల్లో నిర్మలంగా వుంటుంది, నడుమ తెల్లగా పాలపొడి పోసినట్టు వుంటుంది. ఆ తెలుపు లోపల చిక్కుకుపోయిన గాలి బుడగలది. చెరువు మీద కూడా అంతే. నెమ్మదిగా, నిశ్చలంగా గడ్డకట్టిన మంచు నల్లగా, పారదర్శకంగా వుంటుంది. అదే గట్టిది. రాలిన మంచుపొడి తడిసి మళ్లీ గడ్డకడితే తెల్లగా వుంటుంది. అలాంటి మంచుకు మందం రెట్టింపు వుండాలని లెక్క. మన కంటికి మాత్రం తెలుపు ముద్దుగా, నమ్మకంగా కనిపిస్తుంది. నలుపు చూస్తే భయమేస్తుంది. చూశారా, కన్ను ఎంత తలకిందులుగా సలహా ఇస్తుందో!

ఇంకో చిత్రం. మంచుపొడి దట్టంగా పడితే చెరువు బాగా గడ్డకడుతుందనుకుంటాం. అది చెరువుకు గొంగడి కప్పినట్టు. కింద నీళ్లకు చలి తగలనివ్వదు. పైగా తన బరువు తాను పలక మీద వేస్తుంది. వాగు వచ్చి కలిసే చోట, ఊటలు వున్న చోట, వంతెన స్తంభాల పక్కన, జమ్ముగడ్డి మొలిచిన చోట మంచు పలచగా వుంటుంది. ఒకే చెరువులో ఒక మూల 10 అంగుళాలు, ఇరవై అడుగుల దూరంలో 2 అంగుళాలు వుండవచ్చు. అందుకే నిన్నటి జాడ ఇవాళ్టికి సాక్ష్యం కాదు. ఆ మూలన నడిచినవాడి ధైర్యం ఈ మూలకు పనికిరాదు.

ఇంతకీ ఆ శనివారం ఏమైందో చెప్పలేదు కదూ! మాట తెగకపోతే మా అల్లుడే పక్కింటి పెద్దాయనను పిలుచుకొచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. ఆ చెరువు మీదే చేపలు పట్టి పెద్దవాడయ్యాడు. వడ్రంగి బర్మా లాంటిదే, కాని నా నడుమెత్తు వున్న ఒకటి భుజాన వేసుకుని వచ్చాడు. ఒడ్డు మీదే నిలబడి, ముందు ఒక ఇనప గునపంతో మంచు మీద పొడిచి, ఒక్క అడుగు వేసి, మళ్లీ పొడిచి, బర్మా తిప్పాడు. నాలుగు తిప్పులకే నీళ్లు బుసబుస పైకి వచ్చాయి. కొక్కెం వున్న కొలబద్ద లోపలికి దించి, పలక అడుగుకు తగిలించి చూశాడు. మూడంగుళాలకు తక్కువ. అదీ తెల్ల మంచు. తల అడ్డంగా ఊపి, ఏమీ అనకుండా సామాను భుజాన వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ మా మనవడికి టోపీ సరిచేశాడు.

పులిహోర ఇంట్లోనే తిన్నాం. పండగ కళ తగ్గిన మాట వాస్తవం. 'ఆంటీ పిక్నిక్ మొత్తం ఖరాబు చేసింది' అని ఎవరో అంటుంటే వంటింట్లోకి వినబడింది. మనవడు నాతో మాట్లాడలేదు. మా అల్లుడు రెండు రోజులు ముభావంగా వున్నాడు. నేను ఆ మౌనాన్ని భరించాను. మంచు కింది నీళ్ల కన్న ఆ మౌనం వెచ్చనిదే కదా!

ఆ ఏడు మినసోటాలో చలికాలం రానే రాలేదనాలి. అక్కడ లెక్కలు రాయడం మొదలుపెట్టాక అంత వెచ్చని చలికాలం మరొకటి లేదన్నారు. ఆ శనివారానికి కొద్ది రోజుల ముందే, 2023 డిసెంబరు 29న, ఉత్తరాన అప్పర్ రెడ్ లేక్ అనే పెద్ద సరస్సు మీద చేపలు పడుతున్న వందమందికి పైగా జనం, పలక విరిగి ఒడ్డునుంచి విడిపోతే, మంచు తెప్ప మీద చిక్కుకుపోయారు. పడవలు వేసి వాళ్లను ఒడ్డుకు చేర్చారు. వాళ్లు మనలాగా కొత్తవాళ్లు కారు. మంచు మీద గుడిసెలు వేసుకుని కాపురం చేసే జాతి. తాతలనాటి తిథులు పట్టుకుని పోతే వాళ్లకే ఆ గతి పట్టింది. కాలం మారుతున్నప్పుడు పంచాంగం కన్న బర్మాయే నయం.

ఆ రోజు ఒకాయన 'ఉరుక్కుంట దాటేస్తే ఏం కాదు' అన్నాడు. మావారు దానికి లెనిన్‌గ్రాడ్ కథ చెప్పారు. రెండో ప్రపంచయుద్ధంలో 1941 చివర ఆ మహానగరాన్ని శత్రువులు చుట్టుముట్టి ఆకలితో మాడ్చారు. మిగిలిన దారి లడోగా సరస్సు ఒక్కటే. నవంబరులో అది గడ్డకట్టగానే ముందు గుర్రపు బళ్లు, వెంటనే లారీలు దాని మీదుగా పిండి బస్తాలు మోశాయి. ఆ ఒక్క చలికాలంలోనే సుమారు 3,60,000 టన్నుల సరుకు నగరంలోకి వచ్చింది. 5 లక్షలకు పైగా జనం బయటపడ్డారు. జీవనమార్గం అని దానికి పేరు. అయితే కొన్ని లారీలు మాత్రం, మంచు తగినంత మందంగా వున్న చోట కూడా, మునిగిపోయేవి. శాస్త్రజ్ఞులు వెళ్లి కొలిస్తే కారణం బయటపడింది. బండి పోతుంటే పలక వంగుతుంది కదా, ఆ వంపు కింద నీటిలో అలగా మారి బండితో పాటు పరుగెడుతుంది. బండి వేగమూ అల వేగమూ సరిగ్గా కలిస్తే అల పెరిగి పెరిగి పలకను విరిచేస్తుంది. ఉయ్యాల వూపేవాడు సరైన తాళంలో తోస్తే ఉయ్యాల ఎంత పైకి పోతుందో ఆలోచించండి.

ఈ పాఠాన్ని కెనడా వాళ్లు ఇప్పటికీ మరచిపోలేదు. ఎల్లోనైఫ్ దగ్గరినుంచి వజ్రాల గనుల దాకా సుమారు 400 కిలోమీటర్ల మంచు బాట ఒకటుంది. 1982 నుంచి ఏటా చలికాలంలో దాన్ని కొత్తగా వేస్తారు, వసంతంలో అది కరిగి పోతుంది. అందులో ఎక్కువ భాగం సరస్సుల మీదనే. సుమారు రెండు నెలలు మాత్రమే బతికే ఆ రోడ్డు మీద రాడారుతో మందం కొలుస్తూ వుంటారు. నిండు లారీ గంటకు 25 కిలోమీటర్లు మించి పోకూడదు. 2006లో చలి తగ్గి బాటను ముందుగానే మూసేస్తే, మిగిలిన సరుకును విమానాల్లో మోసుకున్నారు. ఖర్చు చూసుకుని లారీ తోలలేదు.

మన దేశంలో మాత్రం లేదా? లడఖ్‌లో జంస్కార్ నది గడ్డకడితే దాన్ని 'చాదర్' అంటారు. దుప్పటి అని అర్థం. హైదరాబాదు పిల్లలు కూడా సంచులు తగిలించుకుని దాని మీద నడవడానికి పోతున్నారు. అక్కడి మనుషులు ముందు నడుస్తూ కర్రతో మంచును తట్టి చప్పుడు వింటారు. మనం కుండ కొనేటప్పుడు వేలితో తట్టమూ? అలాగన్నమాట. పాంగాంగ్ సరస్సు మంచు మీద 2023 ఫిబ్రవరి 20న 21 కిలోమీటర్ల పరుగుపందెమే జరిగింది. మంచు మీద నడవడం పాపమేమీ కాదు. కొలవకుండా నడవడమే ప్రమాదం.

ఆగి వుండడంలోనూ ఒక కిటుకు వుంది. మంచు రాయి కాదు. బరువు పెట్టి వదిలేస్తే మైనంలాగా నెమ్మదిగా కుంగుతూ పోతుంది. ఉదయం కారును మోసిన మంచు సాయంత్రానికి మోయకపోవచ్చు. అందుకే కారు పక్కన ఒక కన్నం వేసి చూస్తూ వుండమంటారు. మంచు తేలుతున్నంత సేపూ కన్నంలో నీళ్లు పై అంచుకు కొంచెం కిందే ఆగుతాయి. పదంగుళాల మంచులో అంగుళం లోపు ఖాళీ వుంటుంది. ఆ నీళ్లు పొంగి మంచు మీదికి పారితే పలక కుంగుతోందని అర్థం. అప్పుడు ఫోటోలు ఆపి బండి తీయవలసిందే.

ఇంత చేసినా పడితే? ఇది మాత్రం పిల్లలకు నోటికి రావాలి. మానిటోబా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్, చల్లని నీళ్లలో తానే దిగి పరీక్షలు చేసిన మనిషి, మూడు అంకెలు చెప్పాడు: 1, 10, 1. పడ్డ మొదటి నిమిషం వూపిరి ఎగబీలుస్తుంది. ఆ నిమిషం భయపడక వూపిరి నిలుపుకోవాలి. తర్వాత 10 నిమిషాలు చేతులు కాళ్లు మాట వింటాయి. ఆలోగా బయటపడాలి. స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట పడుతుంది. అంటే పడగానే ప్రాణం పోదు. టైముంది. ఏ దారిన వచ్చామో ఆ దారికే తిరగాలి, ఎందుకంటే ఇంతదాకా మోసిన మంచు అదే. కాళ్లు ఈతకొట్టినట్టు ఆడిస్తూ చేపలాగా పలక మీదికి జారాలి. పైకి వచ్చాక లేచి నిలబడకూడదు, దొర్లుకుంటూ ఒడ్డుకు రావాలి. ఒడ్డున వున్నవాళ్లు పరుగెత్తుకుపోతే వాళ్లూ పడతారు. ముందు సాయానికి ఫోను చేయాలి. తాడో, కర్రో, కండువానో విసరాలి. బావిలో పడ్డవాళ్లకు మన ఆడవాళ్లు చీర విసిరి పైకి లాగలేదూ? అదే ఇక్కడా.

2025 జనవరిలో మళ్లీ వెళ్లాం. ఈసారి చలి మాట నిలబెట్టుకుంది. వెళ్లిన మూడో రోజు ఉదయం గరాజులో ఏదో వెతుకుతుంటే గోడకు కొత్త బర్మా ఒకటి వేలాడుతూ కనిపించింది. కొక్కెం కొలబద్ద, మెడలో వేసుకునే రెండు సూది పిడులు, పొడుగాటి తాడు కూడా వున్నాయి. మంచులో పడితే గుచ్చి పట్టుకోవడానికి ఆ పిడులు. ఎవరు కొన్నారని నేను అడగలేదు. మా అల్లుడు చెప్పలేదు.

ఆదివారం అతనే ముందు నడిచాడు. పదేసి అడుగులకు ఒక కన్నం. మనవడు కొలబద్ద పట్టుకుని పెద్దగా చదివాడు. పదమూడు, పధ్నాలుగు, పధ్నాలుగు. "ఇప్పుడు రాండ్రి అత్తమ్మా," అన్నాడు మా అల్లుడు.

అడుగు పెట్టాను. నేల కాని నేల. ఎక్కడో లోతునుంచి గుమ్మని పెద్ద చప్పుడు వచ్చి చెరువు ఈ చివరినుంచి ఆ చివరికి పరుగెత్తింది. ప్రాణం గొంతులోకి వచ్చింది. ఎండకూ చలికీ పలక సాగుతూ ముడుచుకుంటూ చేసే చప్పుడట అది. పక్కింటి పెద్దాయన దూరంనుంచి చూసి నవ్వుతూ చెయ్యి వూపాడు. పెద్ద బతుకమ్మనాడు మా మానేరు ఒడ్డున నిలబడి, పూల దొంతర నీళ్లమీద వూగుతూ పోవడం ఎన్నిసార్లు చూశానో! నీళ్లు మోస్తాయని నాకు చిన్నప్పుడే తెలుసు. నన్ను మోయడం మాత్రం అప్పుడే చూశాను.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో వున్న నాబోటి తల్లులకు, అత్తలకు ఒక్క మనవి. రేపు చలికాలంలో పిల్లలు ఫోను చేస్తే 'తిన్నవా, పండుకున్నవా' అని ఎలాగూ అడుగుతాం. 'చెరువు మీదికి పోతున్నం' అన్నారనుకోండి. వద్దని దండకం చదవకండి, వినరు. పొమ్మని కూడా అనకండి. 'ఎన్ని అంగుళాలున్నది? ఎవరు కొలిచిండ్రు?' అని అడగండి. జవాబు వెంటనే రాకపోతే, వచ్చేదాకా ఫోను పెట్టకండి. బిల్లు ఎలాగూ వాళ్లదే కదా!